అడ్జస్ట్ జయరాముడి ఆరో మూట

నేను ఆ మాట వాడడం మానేసి చాలా ఏళ్లయింది. మీరు నన్ను "అటు జరుగు" అంటే జరుగుతాను, "లే" అంటే లేస్తాను. కానీ దయచేసి "అడ్జస్ట్ చేసుకో" అని మాత్రం అనకండి. ఎందుకని అడిగారు కాబట్టి చెబుతాను, టీ మాత్రం మీదే.

మా ఊరు ఉరవకొండకు ఏడు మైళ్లు. ఊళ్లో నన్ను అడ్జస్ట్ జయరాముడు అనేవారు. అది తిట్టని నాకు చాలాకాలం తెలియదు.

ఈ మాట నాకు బడిలో దొరకలేదు. మా ఇంగ్లీషు అయ్యవారు నాకూ ఆ భాషకూ సంబంధం కలపాలని నాలుగు బెత్తాలు విరగ్గొట్టి, చివరికి "నీకు మీ నాయన చేనే గతిరా" అని ఆశీర్వదించి పంపేశాడు. పెళ్లయిన కొత్తలో గుమ్మఘట్ట వైపు బంధువుల ఊరికి పోతుంటే బస్సులో దొరికింది. ఇద్దరి సీటులో అప్పటికే ముగ్గురం ఉన్నాం. ఇద్దరి ఒళ్లున్న పెద్దమనిషి ఒకాయన ఎక్కి, "స్వల్ప అడ్జస్ట్ మాడి" అని, అంటే కొంచెం అడ్జస్ట్ చేసుకోండని, కన్నడంలో అని కూర్చున్నాడు. చూసేసరికి నేను నిలబడి ఉన్నాను.

దిగేదాకా నిలబడే ఆలోచించాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, బతిమాలలేదు. ఒక్క మాటన్నాడు. సీటు ఆయనకొచ్చింది, కాళ్ల నొప్పి నాకొచ్చింది. ఇంత గొప్ప మాట తెలుగులో ఎందుకు లేదా అని బాధేసింది.

లేకేం, సర్దుకోవడం ఉంది కదా అంటారు. తేడా అక్కడే ఉంది. సర్దుకుంటాను అంటే నేను సర్దుకోవాలి. అడ్జస్ట్ అంటే అవతలివాడు సర్దుకోవాలి. ఈ సంగతి ఏ డిక్షనరీలోనూ రాయరు.

ఆ తర్వాత చెవులు రిక్కించి వింటే జిల్లా మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తున్నట్టు తెలిసింది. దర్జీ జాకెట్టు బిగుతుగా కుట్టి "నాలుగు రోజులేస్తే అడ్జస్ట్ అవుతాది" అంటాడు. అడ్జస్టయ్యేది గుడ్డో మనిషో చెప్పడు. పురోహితుడు ముహూర్తాల్లేని నెలలో ముహూర్తం అడ్జస్ట్ చేస్తాడు. మా అమ్మ పులుసులో ఉప్పెక్కువైతే నీళ్లు పోసి, నీళ్లెక్కువైతే ఉప్పేసి, అడ్జస్ట్ చేసి చేసి ఇద్దరి పులుసును పదిమందికి చేస్తుంది. పెళ్లికూతుర్ని సాగనంపేటప్పుడు ముత్తయిదువలందరూ "అడ్జస్టయిపో తల్లీ" అంటారు. పెళ్లికొడుకు చెవిలో ఆ మాట ఎవరైనా అనగా నేను వినలేదు. నా చెవిలోనూ ఎవరూ అనలేదు. కాబట్టి జరిగినదాంట్లో నా తప్పు సగమే.

నా భార్య పేరు చౌడేశ్వరి. సంబంధం చూసినప్పుడు మా నాయన ఆ పేరు విని "మంచిదే, మొక్కుకోవడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు. ఆయనది చాలా ముందుచూపు.

పన్నెండేళ్లు ఆమె మీద ఆ మాట ధారాళంగా వాడాను. తీర్థానికి తీసుకుపోతానని, పోలేక "వచ్చే ఏటికి అడ్జస్ట్ చేస్తాలే" అన్నాను. చెప్పాపెట్టకుండా నలుగురిని భోజనానికి తెచ్చి "కొంచెం అడ్జస్ట్ చెయ్" అన్నాను. ఆమె చేసింది కూడా. అన్నం సరిపోని రోజున ఎవరు తినలేదో నేను ఏనాడూ చూడలేదు. ఈ మాట ఇప్పుడంటున్నానుగానీ అప్పుడు తట్టలేదు.

ఇలా హాయిగా సాగుతుండగా తొంభై ఎనిమిదిలో నాకు దెబ్బ తగిలింది.

మా నేలల సంగతి మీకు తెలుసు. వానొస్తే తడి మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ పదునులోనే శెనక్కాయ విత్తనం పడాలి. ఊరందరికీ పదును ఒకేసారి వస్తుంది. మా వీధి మొత్తానికి ఎద్దులూ విత్తే గొర్రూ మాత్రం లింగప్ప ఒక్కడివే. ఆ ఏడు మాకు రెండో వంతు వచ్చింది. గొర్రు మా చేలోకి వచ్చే వేళకు ఒకాయన "జయరామన్నా, కొంచెం అడ్జస్ట్" అన్నాడు. పెద్దరికం పొంగి సరేనన్నాను. తర్వాత ఇంకొకాయన, ఆ తర్వాత మరొకాయన. ఆ మాట ఇంకొకరు నా మీద కూడా వాడగలరని నాకు తోచనే లేదు. చివరికి మేము విత్తింది దుమ్ములో. మొలకలు మాటల్లేని దాయాదుల్లా దూరందూరంగా నిలబడ్డాయి.

చౌడేశ్వరి ఏడాదంతా ఏమీ అనలేదు. మళ్లీ విత్తనాల కాలం దగ్గరపడగానే అంది.

"ఏమయ్యా, ఈ ఏడు మొదటి వంతు మనకు రావాల."

"అడ్జస్ట్ చేస్తాలే."

"రాకపోతే ఆ ఇంగ్లీషు మాట ఈ గడపలో వినపడకూడదు. సేద్యం నేను చూసుకుంటా. నువ్వు గొడ్లను చూసుకో."

"మనకు గొడ్లు యాడుండాయే?"

"బర్రె ఉండాది కదా. దానికి నేర్పించుకో అడ్జస్ట్."

నవ్వు ముఖంతో అన్నా, కళ్లలో నవ్వు లేదు. ఆ చూపుకు నాకు నిజంగానే భయమేసింది. చేను చేతుల్లోంచి పోతే మనిషి రచ్చకట్ట మీద కూర్చుని ఏం మాట్లాడతాడు?

సరిగ్గా అప్పుడే, తొంభై తొమ్మిది జూన్‌లో, ఇంగ్లండులో క్రికెట్ ప్రపంచ కప్పు జరుగుతోంది. మా వీధిలో కలర్ టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఒకరోజు టీ అంగట్లో కూర్చుని ఉంటే గొర్రు లింగప్ప వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆయన మామూలుగా ఎవరి పక్కనా కూర్చోడు. వానల కాలం దగ్గరపడితే ఆయన పక్కనే ఊరంతా కూర్చుంటుంది.

"ఏమప్పా జయరాముడా, మంగళవారం పాకిస్తాన్‌తో మ్యాచంట కదా."

"అవునన్నా."

"మా ఇంట్లో టీవీలో ఎవురు ఇండియానో, ఎవురు పాకిస్తానో తెలీదు, అందరూ బూడిద పూసుకున్నట్లే ఉంటారు. మీ ఇంటికి ఒక ఎనిమిది మందిమి వస్తాం."

"రాండన్నా, అదెంత పని. మరి మన మొదటి వంతు సంగతి..."

లింగప్ప మీసం దువ్వుకున్నాడు. గ్లాసు అడుగున మిగిలిన టీ గుటక వేశాడు. "అడ్జస్ట్ చేస్తాంలే" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకంటే తెలిసినవాడు ఊళ్లో లేడు. అయినా నమ్మాను. వైద్యుడికీ జ్వరం వస్తుంది కదా.

ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాను. మొదటి వంతు చేతిలో పెట్టి చౌడేశ్వరిని ఆశ్చర్యపరచాలని, మ్యాచ్ సంగతి అప్పుడే చెప్పకూడదని అనుకున్నాను. ఆమె హాలు ఊడుస్తోంది.

"మంగళవారం మనింట్లో కాయలొలుపు పెట్టుకున్నాం" అంది.

తెలియని వాళ్లకు చెబుతాను. విత్తనం కాయను మిషన్లో వేస్తే గింజ మీద పొట్టు ఊడిపోతుంది, అది మొలవదు. చేత్తోనే ఒలవాలి. వీధిలో ఆడవాళ్లంతా కలిసి ఒకరోజు ఒకరింట్లో, మర్నాడు ఇంకొకరింట్లో కూర్చుని ఒలుస్తారు. మావి ఆరు మూటలు. పన్నెండు మంది ఆడవాళ్లు.

"మంగళవారమే ఎందుకే? బుధవారం పెట్టుకో."

"బుధవారం ఏముండాది?"

"ఏమీ లేదు కాబట్టే."

"మంగళవారం ఏముండాది?"

"ఏమీ లేదు."

"అట్లయితే మంగళవారమే."

ఎక్కడో తప్పు మెట్టు మీద కాలేశానని తెలిసింది. "యాడ కూర్చుంటారు ఇంతమంది?" అన్నాను.

"ఈడే, హాల్లో. ఫ్యానుండాది."

"వసారాలో అడ్జస్ట్..."

చీపురు ఆగింది. "ఎవురికన్నా మాటిచ్చినావా?"

"నేనా! మాటా!"

"నీకు మాటలిచ్చే గుణముండాది. వస్తువులిచ్చే గుణమైతే లేదు. అందుకే అడుగుతాండా."

నా ఇంట్లో ఉన్నది ఒకే హాలు. అందులో పన్నెండు మంది ఆడవాళ్లు, ఆరు మూటలు, తొమ్మిది మంది మగవాళ్లు, ఒక టీవీ. ఎటు నుంచి చూసినా ఒకటి బయటికి పోవాలి. టీవీ పోదు, మగవాళ్లు పోరు. కాబట్టి మూటలు పోవాలి. మూటలు పోతే ఆడవాళ్లు వాటి వెంట పోతారు. ఇంత తెలివి నాకు ఏడో తరగతిలో వచ్చి ఉంటే కలెక్టరయ్యేవాణ్ణి.

సోమవారం సాయంత్రం పక్కింటి ఓబమ్మక్క దగ్గరికి పోయాను. ఆమెది పెద్ద ఇల్లు, చల్లని బండల నడవ, టీవీ లేదు. ఆమె నోరే మా వీధికి రేడియో.

"ఓబమ్మక్కా, రేపు మా కాయలొలుపు మీ ఇంట్లో అడ్జస్ట్ చేసుకుందామంటాంది మా చౌడేశ్వరి. మీ నడవ చల్లగా ఉంటాదంట."

ఓబమ్మక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "మొదటి మూటా నా ఇంట్లోనేనా?"

"అన్నీ మీ ఇంట్లోనే అక్కా."

"తీసుకరా నాయనా, తీసుకరా" అంది. ఆమె కళ్లు మెరిశాయి. అది ఆప్యాయత అనుకున్నాను.

మంగళవారం పొద్దున చౌడేశ్వరి బిందెలు తీసుకుని వీధి బోరింగుకు పోయింది. అక్కడ వరస అందితే గంట, అందకపోతే రెండు గంటలు. ఆ లోపల ఆరు మూటలూ దాటించేయాలి. ఆమె వచ్చాక "ఓబమ్మక్కే బతిమాలి తీసుకపోయింది" అనాలి. మొదటి మూట భుజానికెత్తుకుని పదిహేను అడుగులు నడిచి ఓబమ్మక్క నడవలో దించాను. రెండో దానికోసం వస్తే మా అమ్మ తిమ్మమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"ఏమెత్తుకపోయినావురా?"

"విత్తనం కాయమ్మా."

"యాడికి?"

"ఓబమ్మక్క ఇంటికి."

"ఈరోజేం వారంరా?"

"మంగళవా..." అన్నాను. మిగతాది నోట్లోనే ఉండిపోయింది.

మంగళవారం మా ఇళ్లలో విత్తనం గడప దాటదు. దాటితే ఆ ఏటి పంట కూడా అదే దోవన పోతుందని. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మ్యాచ్ మంగళవారం అని గుర్తుంది, మంగళవారం మంగళవారమని గుర్తులేదు. మా అమ్మ పెట్టిన అరుపుకు వీధిలో కోళ్లన్నీ గంపల కింద దూరాయి.

చౌడేశ్వరి బిందెతో వచ్చింది. విన్నది. బిందె మెల్లగా దించింది.

"ఎన్ని మూటలు పోయినాయి?"

"ఒక్కటే."

"పో. తెచ్చేయ్."

పరుగెత్తాను. ఓబమ్మక్క తన గడపకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మూట ఇచ్చేయక్కా, పొరపాటైంది."

"మంగళవారం ఇంటికొచ్చిన విత్తనాన్ని నేనెట్ల పంపేదప్పా? వారాలు మీ గడపకేనా, నా గడపకు లేవా?"

శాస్త్రం ఆమె వైపే ఉంది.

"ఇంకో మాట విను జయరాముడా. కాయలొలుపు ఎవురింట్లో మొదలైతే గొర్రు మొదటి వంతు వాళ్లకే. మూట నా ఇంట్లో ఉండాది. ఇంక మొదటి వంతు నాదే."

"అదెట్లక్కా? వంతులిచ్చేది లింగప్పన్న కదా!"

ఓబమ్మక్క నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది, తీసి నవ్వింది. కళ్లు తుడుచుకుని అప్పుడు చెప్పింది.

"గొర్రు లింగప్పది. వంతు యశోదమ్మది."

యశోదమ్మ లింగప్ప భార్య. ఆ రోజు ఒలవడానికి వచ్చే పన్నెండు మందిలో ఒకామె.

"ఎవురి విత్తనం ముందు సిద్ధమైతే వాళ్ల చేనికే గొర్రు ముందు పోయేది. అది మేము కాయలొలిచేకాడ తేల్చుకుంటాం. రాత్రి యశోదమ్మ చెప్తాది, తెల్లారి లింగప్ప ఎద్దులు కడతాడు. మీరు టీ అంగట్లో కూర్చోని పంచుకునేది ఏందో మాకు తెలీదుగానీ, ఏటేటా దాన్ని చెప్పుకోని నవ్వుకుంటాం."

ఇరవై ఏళ్లుగా సేద్యం చేస్తున్నాను. ఇరవై ఏళ్లుగా లింగప్పకు టీలు తాగిస్తున్నాను. ఆయన ఆ టీలన్నీ ఎంత గంభీరంగా తాగాడో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. చౌడేశ్వరి గోడకానుకుని కళ్లు మూసుకుంది.

"యశోదమ్మక్కతో మాట్లాడి, పన్నెండు మందినీ ఒప్పించి, మొదట మనింట్లోనే మొదలుపెట్టేట్లు చేసేదానికి నాకు పదైదు రోజులు పట్టింది. పదైదు రోజుల పని పదైదు అడుగుల్లో ముగించినావు కదయ్యా."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవలేదు. అదే నాకు ఎక్కువ నొప్పేసింది.

కాసేపటికి కళ్లు తెరిచింది. "మూట మనది. ఒలిచే చెయ్యి కూడా మనదే అయితే అది మన ఒలుపే. నువ్వు పోయి ఆడ కూర్చో. ఓబమ్మక్క చెయ్యి ఒక్క కాయ మీద కూడా పడకూడదు. దీపాలు పెట్టే లోపల నువ్వే ఒలవాల."

"మూటంతా నేనొక్కణ్ణేనా? మధ్యాహ్నం నాకు..."

"మధ్యాహ్నం ఏముండాది?"

"ఏమీ లేదు" అన్నాను.

కాయలొలవడం చూడ్డానికి సులువు. ఆడవాళ్లు కబుర్లాడుతూ, పిల్లలకు అన్నం పెడుతూ, చూడకుండా ఒలుస్తారు. నేను చూసి ఒలిచాను. మొదటి చేటకు కుడి బొటనవేలు ఎర్రబడింది, రెండో చేటకు ఎడమది. మూడో చేట నుంచి పళ్లతో మొదలుపెడితే "ఎంగిలి విత్తనం మొలుస్తాదా?" అని ఓబమ్మక్క గద్దించింది. ఆమె నాకెదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెయ్యి పడకూడదన్నాం కదా, నోటికి అడ్డేమీ లేదు. కీర్తిశేషుడైన వాళ్లాయన కూడా ఇలాగే తెలివైనవాడని మూడు గంటలసేపు చెప్పింది.

మూడున్నరకు వీధిలో చెప్పుల చప్పుడైంది. గోడ మీదుగా తొంగి చూశాను. లింగప్ప ముందు, వెనక ఏడుగురు. వాళ్లలో రేడియో తిప్పయ్య చేతిలో అలవాటుకొద్దీ ట్రాన్సిస్టర్ కూడా ఉంది. చౌడేశ్వరి గుమ్మంలో నిలబడింది. ఇక అయిపోయింది, తరిమేస్తుంది, నా పరువు ఉరవకొండ దాకా పోతుంది అనుకున్నాను.

"రాండన్నా, మీకోసమే చూస్తాండాం" అంది. "లోపల ఆడోళ్లున్నారు, కొంచెం అడ్జస్ట్ చేసుకోని కూర్చోండి."

వాళ్లు కూర్చున్నారు. లోపల జరిగింది మా అమ్మ తర్వాత చెప్పింది. కూర్చున్నవాడికల్లా ఒక చేట చేతికొచ్చింది.

"ఇదేందమ్మా?" అన్నాడు లింగప్ప.

"విత్తనం కుప్ప ముందర వట్టి చేతుల్తో కూర్చోకూడదు కదన్నా. మీకు తెలీనిదా?"

లింగప్ప తలెత్తాడు. ఎదురుగా యశోదమ్మ కాయలొలుస్తూ ఆయన్నే చూస్తోంది. ఆయన తల దించి మొదటి కాయ చిట్లించాడు. నాయకుడే వంగాక సైన్యం ఏం చేస్తుంది?

వాళ్లంతా నా ఇంట్లో, నా ఫ్యాను కింద, నా టీవీలో మ్యాచ్ చూస్తున్నారు. నేను పక్కింట్లో కాయలొలుస్తున్నాను. ఇది చాలదని గాలి లేచింది. జూన్‌లో మా గాలి సంగతి చెప్పాలా?

"ఏమయ్యా!" గోడ అవతల నుంచి చౌడేశ్వరి కేక. "బొమ్మ పోయింది. కొంచెం ఆంటెనా అడ్జస్ట్ చేసి పో!"

మిద్దెక్కి ఆంటెనా కడ్డీ పట్టుకున్నాను. కింద నుంచి ఇరవై గొంతులు. "ఆ... కొంచెం... వచ్చింది... పోయింది... ఆ ఆ, అట్లే ఉండు!" అట్లే ఉన్నాను. లోపల ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు.

"ఏమైంది? ఎవరౌట్?" అని అరిచాను.

"కదలొద్దు!" అన్నారు.

అలా మూడుసార్లు ఎక్కి దిగాను. నేను పైనున్నప్పుడల్లా ఏదో ఒకటి జరిగింది. ఏం జరిగిందో చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఒక్క మా అమ్మ గొంతు మాత్రం కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది.

"మొన్నొకరోజు చూసినా, ఆడ వాన పడతాంటే పరుగెత్తిపోయి భూమికి పట్టా కప్పినారు. వాన పడొద్దని భూమికి పట్టా కప్పే దేశం గూడా ఉందా నాయనా!"

మగవాళ్లు కూడా చేటలాపి ఆ పచ్చగడ్డిని చూసి నిట్టూర్చారు. తర్వాత మళ్లీ ఒలుపు చప్పుడు మొదలైంది, ఈసారి ఇంకా వేగంగా.

దీపాలు పెట్టే వేళకు మా హాల్లో ఐదు మూటలూ అయిపోయాయి. ఓబమ్మక్క నడవలో నా మూట పావు వంతు తగ్గింది, నా బొటనవేళ్లు రెండింతలు పెరిగాయి. యశోదమ్మ స్వయంగా వచ్చి చూసింది. వెనకే చౌడేశ్వరి.

"మొదలైంది నా ఇంట్లో" అంది ఓబమ్మక్క.

"మొదలైంది నీ ఇంట్లో, ముగిసింది చౌడేశ్వరి ఇంట్లో" అంది యశోదమ్మ. వంగి నా కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసింది. సగం చీలిపోయి ఉన్నాయి. నా ముఖం చూడకుండానే వాటిని కుప్పలో పోసింది.

"ఐదు మూటలకు మొదటి వంతు. ఇల్లిచ్చినందుకు ఓబమ్మకు రెండోది. ఈ ఆరో మూట ఈయన ఒలుపు. ఇది వీధిలో అందరి తర్వాత."

ఆ తీర్పు మీద అప్పీలు లేదు. టీ అంగట్లో అసలే లేదు.

మర్నాడు, బుధవారం, మిగిలిన మూటను మోసుకుని ఇంటికొచ్చాను. మ్యాచ్ మనమే గెలిచామని పేపర్లో చదివాను. చౌడేశ్వరి నా రెండు వేళ్లకు పసుపు పెట్టి గుడ్డ కట్టింది. గ్లాసు పట్టుకోలేకపోతుంటే కాఫీ కూడా ఆమే తాగించింది. ఆ మంచితనం చూసి నా గుండె కరిగిపోయింది. లింగప్పకు ఇచ్చిన మాటా, ఆయన ఇచ్చిన మాటా అన్నీ కక్కేశాను.

"తెలుసులే" అంది.

"ఏం తెలుసు?"

"ఆరు మూటలు పన్నెండు మందితో ఒక్కరోజులో కావు. ఇంకో ఎనిమిది మంది కావాల. మగోళ్లను కాయలొలిచేదానికి రమ్మంటే వస్తారా? మ్యాచ్‌కు రమ్మంటే వస్తారు. అందుకే నేను యశోదమ్మక్కకు చెప్పినా, ఆమె లింగప్పన్న చెవిలో వేసింది. లేకపోతే ఆయన నీ పక్కన కూర్చుంటాడా?"

"అంటే మంగళవారం పెట్టింది..."

"మ్యాచ్ ఉండాదనే. ఇంకా, మంగళవారమైతే విత్తనం గడప దాటదు, నువ్వు దాన్ని కూడా ఎవురికీ అడ్జస్ట్ చెయ్యలేవు అనుకున్నా. ఆ ఒక్కటే తప్పిపోయింది."

"మరి నాకొక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు చెప్పినావా?"

నేను చెప్పలేదు. కాసేపు కట్టు కట్టిన వేళ్లను చూసుకున్నాను.

"అయితే నేను ఏమీ చేయకుండా ఉండి ఉంటే?"

"మన హాల్లో, మన టీవీ ముందర, నీ స్నేహితుల పక్కన దర్జాగా కూర్చోని మ్యాచ్ చూసింటావు. ఫ్యాను గూడా నీ వైపే తిప్పాలనుకున్నా."

ఆ చివరి మాట లేకపోయినా బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"అయినా మొదటి వంతు వచ్చింది కదా" అన్నాను చివరి ప్రయత్నంగా. "నువ్వన్న ప్రకారమైతే ఆ మాట నేను..."

"వచ్చింది. ఎవురి వల్ల వచ్చింది? ఇంకమీద నీకు ఇంగ్లీషొద్దు. సర్దుకుంటా అను. అప్పుడైతే సర్దుకోవాల్సింది ఎవురో నీకూ తెలుస్తాది, నాకూ తెలుస్తాది."

పది రోజులకు వాన పడింది. మొదటి వంతు గొర్రు చౌడేశ్వరి ముందు నడవగా మా చేలోకి వచ్చింది. ఐదు మూటల విత్తనం మంచి పదునులో పడి, గీత గీసినట్టు సాళ్లు సాళ్లుగా మొలిచింది. ఆ గట్టు మీద నిలబడి ఆమె కొంగు నడుముకు చెక్కి చూస్తుంటే, పన్నెండేళ్లలో ఈమెను నేను సరిగా చూడనే లేదనిపించింది. ఆరో మూట రోడ్డు పక్క ఎకరాలో పడింది, వీధిలో అందరి తర్వాత. అది ఎలా మొలిచిందో ఉరవకొండ బస్సులో పోయే ప్రతివాడూ ఆ ఏడంతా చూశాడు. "ఏమన్నా జయరామన్నా, ఈ చేను ఇట్లుండాదే?" అని కండక్టరు కిటికీలోంచి అడిగేవాడు. ఆ ఇంగ్లీషు మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఇంటి వైపొకసారి చూసి మింగేసేవాణ్ణి.

అదిగో, టీ వచ్చింది. మనం ఆరుగురం, గ్లాసులు ఐదే తెచ్చినట్టున్నాడు. పర్వాలేదులే, మీరు తాగండి. నేను సర్దుకుంటాను.